జర్మనీ నగరంలో కారు లేకుండా కాపురం ఎలా చేయాలి

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఉద్యోగానికి జర్మనీ వచ్చిన వాళ్లకు ఆరు నెలలు నిండకముందే ఇంటి నుంచి ఫోనులో ఒక ప్రశ్న వస్తుంది: "ఇంకా కారు కొనలేదా?" ఆ ప్రశ్న ప్రేమతో అడిగేదే. కానీ దానికి జవాబుగా తొందరపడి కారు కొని, తర్వాత బీమాకూ పార్కింగుకూ చలికాలపు టైర్లకూ డబ్బు కట్టలేక సతమతమైన వాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది ఆఫీసుకు రైల్లోనే వెళ్తారు. కారు వారంలో అయిదు రోజులు వీధి పక్కన కదలకుండా నిలబడి ఉంటుంది.

జర్మనీ కార్ల దేశమే, అందులో సందేహం లేదు. 2024 మొదట్లో ఇక్కడ నమోదై ఉన్న ప్యాసింజర్ కార్లు సుమారు 4.9 కోట్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చాలా నగరాలను కార్ల రాకపోకలను దృష్టిలో పెట్టుకునే తిరిగి కట్టారు. అయినప్పటికీ ఇక్కడి పెద్ద నగరాల్లోనూ, చాలా మధ్యతరహా పట్టణాల్లోనూ పిల్లాపాపలతో సహా కారు లేకుండా సుఖంగా బతకవచ్చు. పన్నెండేళ్లుగా మా ఇంట్లో నలుగురం అలాగే బతుకుతున్నాం. అయితే అది దానంతట అదే కుదిరే పని కాదు. కొన్ని నిర్ణయాలను ఒక వరుసలో తీసుకోవాలి. ఆ వరుస తప్పితే కారు కొనడం తప్ప వేరే దారి కనిపించదు.

మొదటి పని: ఇల్లు చూసేటప్పుడే ప్రయాణం చూసుకోవాలి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువగా చెబుతాను. మీకు కారు అవసరమా కాదా అన్నది అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజునే సగానికి పైగా తేలిపోతుంది. నేను మొదట తీసుకున్న ఇల్లు నగరానికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉండేది. అద్దె తక్కువ, గదులు పెద్దవి, కిటికీలోంచి పచ్చటి పొలాలు కనిపించేవి. ప్రకటనలో "స్టేషనుకు ఆరు నిమిషాలు" అని రాశారు. ఆ ఆరు నిమిషాలు కారులో అని ఇంట్లో దిగాక గాని నాకు తెలియలేదు. బస్సు గంటకు ఒకటి, రాత్రి ఎనిమిది దాటితే లేదు, ఆదివారం అసలే లేదు. నవంబరు చీకట్లో, వర్షంలో, పాలపొడి డబ్బా కోసం నలభై నిమిషాలు నడిచిన రోజున కార్ల ప్రకటనలు వెతకడం మొదలుపెట్టాను. చివరికి కారు కొనలేదు గానీ, ఇల్లు మారాము.

కాబట్టి ఇల్లు నచ్చిందని చెప్పే ముందు ఆ చిరునామాను జర్మన్ రైల్వే యాప్ అయిన డీబీ నావిగేటర్‌లోనో, ఆ నగర రవాణా సంస్థ యాప్‌లోనో పెట్టి నాలుగు ప్రయాణాలు వెతకండి. మంగళవారం ఉదయం ఎనిమిదింటికి ఆఫీసుకు, అదే రోజు రాత్రి పదకొండింటికి ఆఫీసు నుంచి ఇంటికి, శనివారం అర్ధరాత్రి నగర మధ్యం నుంచి ఇంటికి, ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ప్రధాన రైల్వే స్టేషనుకు. మొదటి ప్రయాణం ఎక్కడి నుంచి చూసినా బాగానే కనిపిస్తుంది. అసలు సంగతి మిగిలిన మూడింటిలో బయటపడుతుంది.

ఆ తర్వాత ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు స్టాపు నుంచి ఇంటిదాకా మీ కాళ్లతో మీరే నడవండి. పసుపు వృత్తంలో ఆకుపచ్చ హెచ్ అక్షరం ఉన్న బోర్డు కనిపిస్తే అదే స్టాపు. దాని కింద అతికించిన టైంటేబులును ఓపికగా చదవండి. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఒక పట్టిక, శనివారానికి మరొకటి, ఆదివారాలకూ పండుగ సెలవులకూ ఇంకొకటి ఉంటాయి. ఊరి చివరి రూట్లలో కొన్ని సమయాల పక్కన చిన్న అక్షరం ఒకటి ఉంటుంది. అది బడులు ఉన్న రోజుల్లో మాత్రమే ఆ బస్సు తిరుగుతుందని తెలిపే గుర్తు కావచ్చు. దాని వివరణ పట్టిక అడుగున ఉంటుంది. అది చూసుకోకపోతే, వేసవి సెలవుల మొదటి సోమవారం నాడు ఖాళీ స్టాపులో నిలబడవలసి వస్తుంది.

ఒకే దారి మీద ఆధారపడే ఇల్లు కంటే రెండు దారులున్న ఇల్లు ఎప్పుడూ మేలు. మ్యూనిక్‌నే తీసుకోండి. అక్కడి ఎస్-బాన్ దాదాపు మన హైదరాబాదు ఎమ్మెమ్టీఎస్ లాంటిదే, శివార్లను నగరంతో కలిపే రైలు. 1972 ఒలింపిక్స్ కోసం కట్టిన ఒకే సొరంగ మార్గం గుండా దాని దాదాపు అన్ని లైన్లూ నగర మధ్యాన్ని దాటుతాయి. అందుచేత ఆ సొరంగంలో ఒక సిగ్నల్ చెడిపోతే తూర్పు శివారు నుంచి పడమటి శివారు దాకా రైళ్లన్నీ తడబడతాయి. ఎస్-బాన్‌తో పాటు భూగర్భ రైలైన యూ-బాన్‌కో ట్రాముకో చేర్చే బస్సు కూడా దగ్గర్లో ఉంటే, అలాంటి రోజున పావుగంట ఆలస్యంగానైనా ఆఫీసు చేరతారు.

బెర్లిన్‌లో ఇల్లు వెతికేవారు ఒక చరిత్ర తెలుసుకోవాలి. పశ్చిమ బెర్లిన్ 1967లో తన చివరి ట్రామును ఆపేసింది, తూర్పు బెర్లిన్ ఆపలేదు. గోడ కూలిన తర్వాత 1995లో ట్రాము మళ్లీ పశ్చిమ భాగంలోకి అడుగుపెట్టినా, ఈనాటికీ ట్రాము లైన్లు ఎక్కువగా తూర్పు వైపునే ఉన్నాయి. హాంబర్గ్ కూడా 1978లో ట్రాములను వదిలేసింది కాబట్టి అక్కడ మీ లెక్కంతా ఎస్-బాన్, యూ-బాన్, బస్సుల మీదే సాగాలి. ఫ్రైబుర్గ్‌లో చోటు దొరికితే వోబాన్ (Vauban) పేటను తప్పక చూడండి. పాత ఫ్రెంచి సైనిక శిబిరం ఉన్న చోట కట్టిన ఆ పేటలో చాలా వీధుల్లో ఇంటి ముందు కార్లు నిలపడానికి వీల్లేదు. కారున్నవాళ్లు పేట అంచున ఉన్న గ్యారేజీలో స్థలం కొనుక్కోవాలి. 2006లో ట్రాము వచ్చింది. అక్కడ పిల్లలు వీధి మధ్యలో ముగ్గుతో గీతలు గీసుకుని ఆడుకుంటుంటే, మా ఊళ్లో మా చిన్నప్పటి వీధి గుర్తుకొచ్చి నాకు గొంతు పట్టేసింది.

అద్దెలో తేడా సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. లైను మీద ఉన్న ఇంటికి నెలకు 150 యూరోలు ఎక్కువ అడుగుతున్నారనుకోండి. దూరపు ఇంటికి పోతే ఆ 150 మిగులుతుందని అనుకోకండి. ఆ మిగులును కారు ధర, తప్పనిసరి బీమా, వాహన పన్ను, రెండేళ్లకోసారి జరిగే తనిఖీ, రెండు జతల టైర్లు, మరమ్మతులు, పెట్రోలు పంచుకుంటాయి. పైగా జర్మనీలో కొత్తగా బీమా తీసుకునేవారు ప్రమాదాలు లేని సంవత్సరాల లెక్కలో అడుగు నుంచి మొదలవుతారు కాబట్టి ప్రీమియం చాలా ఎక్కువగా పడుతుంది. కాగితం మీద ఈ అంకెలన్నీ ఒకదాని కింద ఒకటి రాసి కూడి చూసుకున్న తర్వాతే ఏ ఇల్లు చవకో నిర్ణయించండి.

రెండో పని: నెల టికెట్టు

డాయిచ్‌లాండ్ టికెట్ 2023 మే నెలలో 49 యూరోలతో మొదలైంది. 2025 జనవరిలో 58కి, 2026 జనవరిలో 63కి పెరిగింది. ఆ ఒక్క టికెట్టుతో దేశంలోని ఏ ఊళ్లోనైనా సిటీ బస్సు, ట్రాము, యూ-బాన్, ఎస్-బాన్, ప్రాంతీయ రైళ్లు ఎక్కవచ్చు. మన భాషలో చెప్పాలంటే ఇది దేశమంతటికీ చెల్లే ప్యాసింజరు రైలు పాసు. ఎక్స్‌ప్రెస్ బళ్లలో, అంటే ఐసీఈ, ఐసీ, ఈసీ రైళ్లలో ఇది చెల్లదు. ప్రాంతీయ రైళ్ల గుర్తులైన ఆర్ఈ, ఆర్‌బీ అని ఉంటే ధైర్యంగా ఎక్కండి. మీ రైలు ఆలస్యమైందని, పక్క ప్లాట్‌ఫారం మీద ఉన్న ఐసీఈ ఎక్కేయకండి; ఈ పాసు ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు.

దీన్ని కొనే ముందు ముగ్గురిని అడగాలి. ఉద్యోగంలో ఉంటే మీ సంస్థ మానవ వనరుల విభాగాన్ని అడగండి: యజమాని కనీసం 25 శాతం భరిస్తే ప్రభుత్వం మరో 5 శాతం తగ్గిస్తుంది, అప్పుడు 63 యూరోల పాసు మీకు 44.10కే, లేదా అంతకంటే తక్కువకే వస్తుంది. విద్యార్థులైతే విశ్వవిద్యాలయాన్ని అడగండి: చాలా చోట్ల సెమిస్టరు రుసుములోనే ఈ పాసు 60 శాతం ధరకు కలిసి ఉంటుంది, తెలియక రెండోసారి కొనేవారున్నారు. ఇక మీ నగర రవాణా సంస్థను అడగండి, ఎందుకంటే తక్కువ ఆదాయం ఉన్నవారికి కొన్ని నగరాలు సొంతంగా రాయితీ ఇస్తాయి.

ఇది చందా పద్ధతిలో సాగుతుంది. ఒక నెల పాసు వద్దనుకుంటే అంతకు ముందు నెల 10వ తేదీలోగా రద్దు చేయాలి, లేకపోతే ఆ నెల డబ్బు కూడా ఖాతాలోంచి పోతుంది. డిసెంబరులో నెల రోజులు ఇండియా వెళ్లేవారు నవంబరు 10ని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. పాసు మీ పేరు మీదే ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వడం కుదరదు, తనిఖీలో గుర్తింపు కార్డు కూడా అడుగుతారు.

స్టేషన్లలో గేట్లు ఉండవు, నగర రైళ్లలో, ట్రాముల్లో కండక్టరు ఉండడు. అందువల్ల టికెట్టు ఎవరూ చూడరన్న భ్రమ కొత్తవారికి కలుగుతుంది. మామూలు దుస్తుల్లో ఉన్న తనిఖీ సిబ్బంది ఎప్పుడైనా రావచ్చు, పట్టుబడితే 60 యూరోలు కట్టాలి. కాగితపు టికెట్టు కొన్నవారు దాన్ని చిన్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. చాలా చోట్ల ముద్ర లేని టికెట్టు టికెట్టే కాదు. వచ్చిన మొదటి నెలలో నేను ఆ ముద్ర సంగతి తెలియక 60 యూరోలు కట్టాను. టికెట్టు కొన్నానని ఎంత చెప్పినా లాభం లేకపోయింది.

దూరప్రయాణాలకు లెక్క వేరు. ఐసీఈ టికెట్టును ముందుగా, ఒక నిర్దిష్ట రైలుకు కట్టుబడి కొంటే బాగా చవక. ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్లేవారికి 25 శాతం తగ్గింపు ఇచ్చే బాన్‌కార్డు గిట్టుబాటవుతుంది. 2017 డిసెంబరు నుంచి మ్యూనిక్, బెర్లిన్ల మధ్య స్ప్రింటర్ అనే ఐసీఈ రైలు సుమారు నాలుగు గంటల్లో చేరుస్తోంది; ఆ దూరాన్ని కారులో అంత సమయంలో దాటడం మామూలు రోజుల్లో అసాధ్యం. రైళ్లు ఆలస్యమవుతాయని అందరూ చెప్పేది నిజమే. అందుకే రైలు మారడానికి ఆరు నిమిషాలే ఉన్న ప్రయాణాన్ని ఎంచుకోకండి, కనీసం ఇరవై నిమిషాలు ఉంచుకోండి. గమ్యానికి గంట ఆలస్యంగా చేరితే టికెట్టు ధరలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం తిరిగి అడిగే హక్కు మీకు ఉంది, దరఖాస్తు యాప్‌లోనే పెట్టవచ్చు.

మూడో పని: సైకిలు

రైలు మిమ్మల్ని స్టేషను దాకా తీసుకొస్తుంది; ఇంటికీ స్టేషనుకూ మధ్య ఉన్న రెండు మూడు కిలోమీటర్లను కలిపేది సైకిలే. మన దగ్గర సైకిలంటే బడి పిల్లలదో, పాలవాడిదో అన్న భావం ఉంది. ఇక్కడ ప్రొఫెసరు, డాక్టరు, మీ మేనేజరు కూడా దాని మీదే వస్తారు. ఆ సంకోచాన్ని మొదటి రోజే వదిలేయండి.

కొత్తది కొననవసరం లేదు. కానీ వాడినది కొనేటప్పుడు చట్రం మీద చెక్కిన నంబరు ఉందో లేదో చూసి, అమ్మేవారి పేరుతో సంతకం చేసిన చిన్న కాగితం తీసుకోండి. దొంగసొత్తు కొన్నారన్న నింద రాకుండా అది కాపాడుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు బ్రేకులు, గంట, ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం, పెడళ్లకూ చక్రాలకూ వెలుగును తిప్పికొట్టే పలకలు చట్టప్రకారం ఉండాలి. హెల్మెట్ చట్టం అడగదు, నేను అడుగుతున్నాను, పెట్టుకోండి. తాళం మీద పిసినారితనం వద్దు: గట్టి యూ ఆకారపు తాళమో మడత తాళమో కొని, చక్రాన్ని ఒక్కదాన్నే కాకుండా చట్రాన్ని కూడా కదలని ఇనుప కడ్డీకి కలిపి వేయండి. ఇంటి సామాను బీమా తీసుకుంటే అందులో సైకిలు దొంగతనం కూడా చేరిందా అని అడగండి.

మనవాళ్లు ఇక్కడ ప్రమాదాలకు గురయ్యే కారణం ఎక్కువగా అలవాటే. మనకు ఎడమ వైపు నడపడం ఒంటికి పట్టిన అలవాటు, ఇక్కడ కుడి. మొదటి రెండు వారాలు ఆదివారం ఉదయం, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు తిరిగి అలవాటు చేసుకోండి. ఏ బోర్డూ, సిగ్నలూ లేని కూడలిలో మీ కుడి వైపు నుంచి వచ్చేవారికి ముందు దారి ఇవ్వాలి. చిన్న వీధి నుంచి వచ్చినా, చిన్న బండి మీద వచ్చినా సరే, దారి వారిదే. నీలి రంగు గుండ్రటి బోర్డు మీద తెల్ల సైకిలు బొమ్మ ఉంటే ఆ సైకిలు దారిలోనే వెళ్లడం తప్పనిసరి. కాలిబాట మీద పెద్దవాళ్లు తొక్కకూడదు. మలుపు తిరిగే ముందు చేయి చాపి చూపించాలి. ఎర్ర దీపం దాటితే 60 యూరోల జరిమానాతో పాటు ట్రాఫిక్ తప్పుల రిజిస్టరులో మీ పేరు మీద ఒక పాయింటు నమోదవుతుంది; ఫోను చేతిలో పట్టుకుని తొక్కితే 55 యూరోలు.

చట్టంలో లేని మూడు జాగ్రత్తలు కూడా చెబుతాను, వీటిని నేను ప్రాణంతో సమానంగా చూస్తాను. నిలిపి ఉన్న కార్ల వరుసకు ఒక మీటరు దూరంగా తొక్కండి, ఎందుకంటే ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. ట్రాము పట్టాలను వీలైనంత అడ్డంగా దాటండి; ఏటవాలుగా దాటితే సన్నని టైరు గాడిలో పడి మనిషి ఎగిరి పడతాడు, తడి రోజుల్లో మరీను. కుడి వైపు తిరుగుతున్న లారీ పక్కన ఎప్పుడూ ఉండకండి. 2020 నుంచి పెద్ద లారీలు నగరంలో సైకిళ్లు వచ్చే అవకాశం ఉన్నచోట నడక వేగంతోనే కుడికి తిరగాలన్న నియమం ఉన్నా, డ్రైవరుకు మీరు కనిపించకపోవచ్చు. లారీ వెనకే ఆగిపోవడంలో మీకు పోయేది పది సెకన్లు.

ఎత్తుపల్లాల ఊరైతే, ఉదాహరణకు స్టుట్‌గార్ట్ లాంటిది, మోటారు సాయం ఉన్న సైకిలు ఆలోచించండి. గంటకు 25 కిలోమీటర్ల వరకే సాయం చేసే, 250 వాట్ల మోటారు ఉన్నది మామూలు సైకిలుతో సమానమే, లైసెన్సు అక్కర్లేదు. 45 కిలోమీటర్ల దాకా పోయేదానికి మాత్రం బీమా పలక, లైసెన్సు, హెల్మెట్ కావాలి. చాలా సంస్థలు జీతంలోంచి పన్నుకు ముందే నెలవారీ మొత్తం కోసుకుని సైకిలును లీజుకు ఇప్పిస్తాయి. జాబ్‌రాడ్ అనే పేరు సహోద్యోగుల నోట వింటే అది ఇదే. ధర ఎక్కువైన సైకిలు ఈ పద్ధతిలోనే అందుబాటుకు వస్తుంది.

సైకిలును రైల్లో ఎక్కించడం వేరే సంగతి. డాయిచ్‌లాండ్ టికెట్‌లో సైకిలు చేరలేదు, చాలా చోట్ల దానికి విడి టికెట్టు తీసుకోవాలి, రద్దీ వేళల్లో కొన్ని నగరాల్లో అసలు ఎక్కనివ్వరు. మడిచిన మడత సైకిలు మాత్రం సామానుతో సమానం. ఇంటి దగ్గర స్టేషనులో ఒక పాత సైకిలు, ఆఫీసు దగ్గర స్టేషనులో ఇంకొక పాత సైకిలు ఉంచుకోవడం ఇక్కడ చాలామంది చేసే పని. మా ఇంట్లోనూ అదే ఏర్పాటు.

నాలుగో పని: బియ్యం బస్తా, బీరువా, పిల్లలు, అమ్మానాన్నలు

కారు కావాలనేవారు చెప్పే కారణాల్లో ఆఫీసు కంటే ఇవే ఎక్కువ. ఒక్కొక్కటిగా తీర్చుకోవచ్చు.

వారానికోసారి బండెడు సరుకులు తెచ్చే అలవాటును మార్చి, ఆఫీసు నుంచి వస్తూ రెండు రోజులకు ఒకసారి ఒక సంచి తెచ్చుకోండి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారం మధ్యాహ్నానికి లెక్క చూసుకోండి. పది కిలోల బియ్యం, కందిపప్పు, చింతపండు అమ్మే భారతీయ దుకాణం ఎక్కడో నగరం మరో మూల ఉంటుంది. రెండు చక్రాల లాగుడు సంచి ఒకటి కొనండి. ఇక్కడ అవ్వలందరి చేతిలో కనిపించే ఆ సంచి మెట్లు లేని స్టేషన్లలో పది కిలోలను పువ్వులా లాక్కొస్తుంది. సైకిలు వెనుక క్యారేజీకి ఇరువైపులా తగిలించే సంచులు ఉంటే అయిదేసి కిలోలు సమంగా సర్దుకోవచ్చు. నెలసరి సరుకులను ఇంటికే పంపే దుకాణాలూ ఉన్నాయి. మరీ బరువైనవాటికి ముందు పెట్టె ఉన్న సరుకుల సైకిలును అరువు తీసుకోండి: బెర్లిన్‌లో ఫ్లోట్టె అనే పథకం 2018 నుంచి ఇలాంటి సైకిళ్లను ఉచితంగా ఇస్తోంది, వేరే నగరాల్లోనూ ఈ తరహా సంఘాలున్నాయి. బీరువా, మంచం లాంటివి ఏడాదికోసారి కొనేవి. వాటిని దుకాణం వాళ్లే తెచ్చి ఇస్తే అయ్యే రుసుము, కారు ఏడాది ఖర్చు కంటే చాలా తక్కువే.

పిల్లల విషయంలో మా అనుభవం చెబుతాను. ఆరేళ్ల లోపు పిల్లలకు బస్సుల్లో, రైళ్లలో టికెట్టు లేదు. బేబీ బండితో వెళ్లేవారు బస్సు మధ్య తలుపు దగ్గర ఎక్కి, బండి బొమ్మ ఉన్న బటను నొక్కాలి. దిగేటప్పుడు డ్రైవరు తలుపును ఎక్కువసేపు తెరిచి ఉంచుతాడు. స్టేషనులో లిఫ్టు పనిచేస్తోందా అన్నది బయల్దేరే ముందే యాప్‌లో చూసుకోండి. సైకిలు మీద కూర్చోబెట్టే సీట్లో గానీ, వెనుక కట్టే రెండు చక్రాల బండిలో గానీ ఏడేళ్లు నిండే దాకా పిల్లలను తీసుకెళ్లవచ్చు. సొంతంగా తొక్కడం మొదలుపెట్టాక ఎనిమిదేళ్లు నిండే దాకా వాళ్లు కాలిబాట మీదే తొక్కాలి. తోడుగా వెళ్లే పెద్దవారు కూడా అప్పుడు కాలిబాట మీద తొక్కవచ్చు. నాలుగో తరగతిలో పోలీసులే బడి పిల్లలకు సైకిలు పరీక్ష పెడతారు. మా అమ్మాయి ఆ పరీక్ష నెగ్గిన వారం నుంచి సంగీతం క్లాసుకు తనే వెళ్లి వస్తోంది. ఆమెను దించి రావడానికి మాకు కారు అవసరం రాలేదు, ఆమెకు మా అవసరమూ తగ్గింది.

అమ్మానాన్నలు మూడు నెలలు వచ్చి ఉంటే వాళ్లకూ డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకోండి. చందాను గడువు తేదీ మరిచిపోకుండా రద్దు చేస్తే చాలు. రెండు వారాలకే వస్తే రోజు టికెట్లు చవక పడతాయి. బవేరియా రాష్ట్రంలో బాయెర్న్ టికెట్టుతో అయిదుగురి దాకా కలిసి రోజంతా ప్రాంతీయ రైళ్లలో తిరగవచ్చు. పనిదినాల్లో మాత్రం ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది. మా నాన్నగారు మోకాళ్ల నొప్పితో వచ్చి, మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్ దాకా రైల్లో కిటికీ పక్కన కూర్చుని కొండలు చూస్తూ వెళ్లారు. మధ్యలో టాయిలెట్టుకు వెళ్లడానికి బండి ఆపమని ఎవరినీ అడగనక్కర్లేదని ఆయన ఎంతో సంబరపడ్డారు. అయితే రాత్రి పది దాటాక స్టేషను నుంచి ఇంటికి మాత్రం టాక్సీ పిలవండి. ఏడాదిలో పదిసార్లు టాక్సీ ఎక్కినంత మాత్రాన లెక్క తలకిందులు కాదు, పెద్దవాళ్లను చలిలో నిలబెట్టడమే తప్పు.

అయిదో పని: కారు అవసరమైన రోజున అద్దెకు తీసుకోవడం

నెలకు ఒకటి రెండు రోజులు కారు నిజంగా కావాలి. అందుకు కార్‌షేరింగులో, అంటే సభ్యులు అవసరమైనప్పుడు గంటల లెక్కన కారు వాడుకునే పథకంలో, ముందే చేరి ఉండండి, అవసరం మీద పడ్డాక చేరితే గుర్తింపు తనిఖీకే రోజులు పడతాయి. ఇందులో రెండు రకాలున్నాయి. ఒక నిర్ణీత చోట తీసుకుని మళ్లీ అక్కడే అప్పగించేది ఒకటి. బ్రెమెన్, కొలోన్ లాంటి నగరాల్లో కాంబియో ఇలాంటిది, బ్రెమెన్ 2003 నుంచి వీధుల్లోనే వీటికి ప్రత్యేక స్థలాలు కేటాయిస్తూ వస్తోంది. ముందుగా బుక్ చేసుకోవచ్చు కాబట్టి ఊరెళ్లే పనులకు ఇది నమ్మకం. రెండోది నగరంలో ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎక్కి, ఆ సంస్థ గీసిన సరిహద్దు లోపల ఎక్కడైనా వదిలేసేది. మైల్స్ ఈ కోవలోది. గంటా రెండు గంటల పనికి బాగుంటుంది గానీ, వర్షం పడే శనివారం సాయంత్రం దగ్గర్లో ఒక్కటీ దొరకదు.

చేరే ముందు రెండు సంగతులు చదవండి. మీ లైసెన్సును ఆ సంస్థ అంగీకరిస్తుందా, ఎందుకంటే భారతీయ లైసెన్సును అన్ని సంస్థలూ ఒప్పుకోవు. ప్రమాదం జరిగితే మీ చేతి నుంచి కట్టవలసిన సొమ్ము ఎంత, దాన్ని తగ్గించే అదనపు రక్షణకు ఎంత అడుగుతున్నారు. బండి తీసుకున్న వెంటనే నాలుగు వైపులా, చక్రాల అంచులతో సహా ఫోటోలు తీసి, గీతలేమైనా ఉంటే కదిలించే ముందే యాప్‌లో నమోదు చేయండి.

ఆరో పని: మూడు నెలల పుస్తకం, ఆరు నెలల గడువు

ఇవన్నీ మొదలుపెట్టిన రోజు నుంచి ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. "ఇప్పుడు కారుంటే బాగుండేది" అనిపించిన ప్రతిసారీ తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు అనిపించింది, చివరికి ఎలా వెళ్లారు అన్న నాలుగు ముక్కలు అందులో రాయండి. మూడు నెలలయ్యాక భార్యాభర్తలిద్దరూ కూర్చుని చదవండి. వర్షం, బద్ధకం వల్ల అనిపించినవి ఎన్నో, నిజంగా వేరే దారి లేనివి ఎన్నో అప్పుడు విడిపోతాయి. నా పుస్తకంలో మూడు నెలలకు పంతొమ్మిది పద్దులుంటే, వాటిలో పదకొండు ఒకే చోటికి, ఒక మిత్రుడి ఊరికి. ఆ ఊరికి ఆదివారం బస్సు లేదు. ఆయనే స్టేషనుకు వచ్చి తీసుకెళ్తానన్నారు, నేను అడగకపోవడం వల్లే తెలియలేదు.

కొందరి పుస్తకం కారు కావాలనే చెబుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి షిఫ్టు మొదలయ్యే కర్మాగారంలో పనిచేసేవారికి, ఊళ్లు తిరిగి రోగులను చూసే నర్సులకు, నడవలేని మనిషి ఇంట్లో ఉన్నవారికి, బస్సు లేని పల్లెలో ఉద్యోగం దొరికినవారికి కారు విలాసం కాదు. వాళ్లు మొహమాటపడకుండా కొనుక్కోవాలి. అయితే రెండు జీతాల ఇంట్లో రెండు కార్ల ముచ్చట మాత్రం పుస్తకం మళ్లీ ఒకసారి చదివాక తీర్చుకోండి.

మీ పుస్తకం ఏం చెప్పినా, నాలుగో నెలలో లైసెన్సు సంగతి తేల్చాలి. ఇక్కడ నివాసం మొదలైన నాటి నుంచి భారతీయ లైసెన్సు ఆరు నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత అద్దె కారైనా, మిత్రుడి కారైనా దానితో నడిపితే అది లైసెన్సు లేకుండా నడిపిన నేరమవుతుంది, బీమా సంస్థ కూడా పేచీ పెడుతుంది. జర్మన్ లైసెన్సు కోసం మనం రాతపరీక్ష, డ్రైవింగు పరీక్ష రెండూ నెగ్గాలి. పాత లైసెన్సు ఉన్నవారికి తప్పనిసరి క్లాసుల లెక్క ఉండదు గానీ, కుడి వైపు నడపడం అలవాటయ్యే దాకా కొన్ని గంటలు నేర్చుకోక తప్పదు. రాతపరీక్ష ఇంగ్లీషులో రాయవచ్చు; తెలుగు, హిందీ లేవు. దరఖాస్తుకు కంటి పరీక్ష కాగితం, ప్రథమ చికిత్స శిక్షణ పత్రం, ఫోటో, మీ లైసెన్సుకు జర్మన్ అనువాదం కావాలి. కంటి పరీక్ష కళ్లద్దాల దుకాణంలోనే పది నిమిషాల్లో అయిపోతుంది, ప్రథమ చికిత్స శిక్షణ ఒక శనివారం పని. కాబట్టి ఈ రెండూ ముందు పూర్తి చేసి, పరీక్ష తేదీ దొరకడానికి పట్టే వారాలను లెక్కలో ఉంచుకుని దరఖాస్తు పెట్టండి.